"రాళ్ళేరుకునే పిల్లలు" అన్నారు కదా, అయితే మా మాట కూడా వినండి



పోస్టు పొడుగ్గానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి, కానీ చివరిదాకా చదవండి. సగం చదివి వాయిస్ మెసేజ్‌లు పెట్టొద్దని మనవి.

పోయిన వారం మేం ఈ గ్రూపులో ఏడు ఫోటోలు పెట్టాం. వేసవి సెలవులకి హాస్టళ్ళ నుంచి ఇంటికొచ్చిన మా పంచాయతీ పిల్లలు పదహారు మంది నాలుగు రోజులు కొండమీద తిరిగిన ఫోటోలు అవి. ఒకదాంట్లో ఒక గుంటడు ఎండుటాకులు తోసి, పోయిన బాణం వెతుకుతున్నాడు. ఇంకోదాంట్లో ఇద్దరు ఆడపిల్లలు గెడ్డలో రాళ్ళు లేపి పీతలు పడుతున్నారు. ఇంకోదాంట్లో ఒక అరచెయ్యి, అందులో గోరంత చెకుముకి రాతి ముక్క. దాని కింద మనవాడే, ఉద్యోగంలో ఉన్న ఒక అన్నగారు రాసిన కామెంటు మీరంతా చూసే ఉంటారు. చదువుకోవాల్సిన పిల్లల్ని రాళ్ళేరుకోడానికి, పీతలు పట్టుకోడానికి తిప్పితే మన జాతి ఎప్పటికి బాగుపడుతుంది, మైదానం పిల్లలు ఈ టైంలో ఫౌండేషన్ కోర్సులు చదువుతున్నారు అని దాని సారాంశం. దానికి నలభై దాటి లైకులు. లైకు కొట్టినవాళ్ళలో సగం మంది మాతో కలిసి చిన్నప్పుడు అదే గెడ్డలో పీతలు పట్టినవాళ్ళు.

అన్నా, మీ మీద మాకు కోపం లేదు. మీరు చదివి ఉద్యోగం తెచ్చుకున్నారు కాబట్టే మా ఇళ్ళల్లో మమ్మల్ని చదివించారు. కానీ ఈ మాటని ఊరికే వదలం. ఎందుకంటే ఇది మీ ఒక్కరి మాట కాదు. హాస్టల్లో విన్నాం, బస్సులో విన్నాం, ఫారెస్టోళ్ళ నోట విన్నాం. ఇప్పుడు మన ఇంట్లోంచే వింటున్నాం.

ముందు ఆ బాణం సంగతి.

మా దగ్గర విల్లు నేర్పేటప్పుడు తాతలు ముందు నేర్పేది కొట్టడం కాదు, వెతకటం. పెద్దోడు బాణం వేస్తాడు, తప్పుతుంది, చిన్నోడు పరిగెత్తాలి. వెదురు పుల్ల పోతే పోయింది, ఇంకోటి చెక్కుకోవచ్చు. చివరన ఉన్న ఇనప అలుగు పోకూడదు. దాన్ని కమ్మరి దగ్గర కొట్టించాలి, ఇనుము మనమే తీసుకెళ్ళాలి, వాడికి ధాన్యమో కోడో ఇవ్వాలి. అందుకని అలుగు దొరక్కుండా ఇంటికి రావటానికి వీల్లేదు. ఎలా వెతకాలో కూడా చెప్తారు. బాణం వేసినోడు నిలబడ్డ చోటనే నువ్వూ నిలబడు. అది పోయిన దిక్కున ఒక చెట్టుని గురి పెట్టుకో. ఆ గీత వదలకుండా నడువు. కిందికి చూడకు, ముందు ఆకుల వంక చూడు. ఎక్కడ ఆకు తాజాగా చినిగిందో, ఎక్కడ కొమ్మ మీద బెరడు తెల్లగా లేచిందో అక్కడ ఆగు. సాయంత్రం పొద్దు వాలినప్పుడు ఒంగుని చూస్తే ఇనుము మెరుస్తుంది. మధ్యాహ్నం ఎంత వెతికినా కనపడదు.

చెప్పండి, ఇది టైం వేస్టా? దిక్కు గుర్తుపెట్టుకోవటం, దూరం అంచనా కట్టడం, ఒక్క గీత మీద నడవటం, వెలుగు ఎటునుంచి పడితే ఏం కనిపిస్తుందో తెలుసుకోవటం. మొన్న మా గుంటడు ఒక అలుగు కోసం గంటన్నర వెతికాడు. తరగతిలో పది నిమిషాలు కూర్చోలేడని వాళ్ళ సారు కంప్లైంటు చేసిన గుంటడే. దొరికాక వాడి మొహం మీరు చూడాల్సింది. ఫోటో తియ్యటం మర్చిపోయాం.

ఇక రాళ్ళు.

తొలకరి వాన పడ్డాక, పోడు చేనులో పైమట్టి కొట్టుకుపోయిన చోట, గెడ్డ ఒడ్డు కోసుకుపోయిన చోట పదునైన చిన్న రాతి ముక్కలు బయటపడతాయి. చాలామటుకు ఉత్త రాళ్ళే. కొన్ని కావు. దెబ్బ పడ్డ చోట కొద్దిగా ఉబ్బి, అక్కడినుంచి నీళ్ళలో రాయి వేస్తే వచ్చే అలల్లా గీతలు ఉంటే, అంచు పట్టుకుంటే వేలు తెగేట్టు ఉంటే, అది మనిషి చెక్కింది అయ్యుండొచ్చు. మన దగ్గర దొరికే చిన్న పనిముట్లు సినిమాల్లో చూపించే ఆకు ఆకారం బాణం మొనల్లాగా ఉండవు. గోరంత, కొన్ని అంతకన్నా సన్నంగా ఉంటాయి. అలాంటివి రెండు మూడు జిగురుతో కర్రకి అంటించి బాణంగానో కత్తిగానో వాడేవారని పురావస్తు శాస్త్రం చెప్తుంది. నున్నగా అరగదీసిన రాతి గొడ్డళ్ళని మన పెద్దలు పిడుగు రాళ్ళంటారు, పిడుగుతో పాటు పడ్డాయంటారు. దక్కన్‌లో చాలా ఊళ్ళల్లో వాటిని చెట్టుకింద దేవత దగ్గర పెట్టి పసుపు రాస్తారు. అంటే మనవాళ్ళు ఆ రాళ్ళని ఎప్పుడో చూశారు, మామూలు రాయి కాదని గుర్తుపట్టారు, భద్రంగా దాచారు. కథ వేరేగా చెప్పుకున్నారు, అంతే.

ఇప్పుడు ఇంకో మనిషి సంగతి. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర నేల మీద ఒక రాయి తీశాడు. ఆయన జియలాజికల్ సర్వేలో ఉద్యోగి. చూస్తే రాతి గొడ్డలి. ఆ తర్వాత మన కర్నూలు, కడప ప్రాంతాలతో సహా దక్షిణాదంతా ఏళ్ళ తరబడి తిరిగి రాళ్ళేరాడు. ఆయన ఏరిన రాళ్ళు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. ఆయన్ని భారతదేశ చరిత్ర పూర్వయుగ పరిశోధనకి పితామహుడు అంటారు. ఆయన పనిని మేం తక్కువ చేయట్లేదు. అడిగేది ఒకటే. దొర ఒంగుని రాయి ఏరితే శాస్త్రం, మా గుంటడు ఒంగుని ఏరితే పనికిమాలిన తిరుగుడు ఎలా అయింది? ఒంగిన నడుం రెండింటిలోనూ ఒకటే కదా!

దూరం ఎందుకు, మన నంద్యాల జిల్లా జ్వాలాపురం ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి జ్వాలాపురంలో పేరుకుపోయింది. ఆ బూడిద పొరకి కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. అంత పెద్ద విపత్తుకి ముందూ తర్వాతా కూడా అక్కడ మనుషులు రాళ్ళు చెక్కుకుంటూ బతికారన్నమాట. మన పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇది బిట్టు ప్రశ్న. కోచింగ్ సెంటర్లో కూర్చుని బట్టీ పడితే చదువు, అలాంటి రాయి చేతిలో పట్టుకుని "ఇది ఎవరు చెక్కారు?" అని పిల్ల అడిగితే చదువు కాదు. ఇదెక్కడి న్యాయం?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రేపు ఇంకొకరు పట్టుకుంటారు. ఆ రాళ్ళు చెక్కినవాళ్ళు సాక్షాత్తూ మన తాత ముత్తాతలే అని మేం అనట్లేదు. వేల ఏళ్ళల్లో ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి పోయారో తేల్చటం మా చేతిలో పని కాదు. గ్రూపుల్లో తిరిగే ఆ టైపు పోస్టులు మాకూ నచ్చవు. మేం అనేది, ఈ కొండమీద మనిషి చాలా కాలం నుంచి తిరుగుతున్నాడు, ఆ గుర్తులు చూసే కన్ను మన పిల్లలకి ఉంది, ఆ కన్ను మూసుకుపోతోంది.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు పిల్లలు ఏరిన రాళ్ళన్నీ ఒక పాలపొడి డబ్బాలో వేయించాం. ఇంటికొచ్చి తుడిచి, కడిగి, వరసగా పెట్టి ఫోటోలు దిగాం. తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పే మా మేడంకి గర్వంగా చూపించాం. ఆవిడ ఒక్కటే అడిగారు: ఏ రాయి ఎక్కడ దొరికింది? ఒక్కరికీ తెలీదు. ఇప్పుడివి ఉత్త రాళ్ళమ్మా, అన్నారు. దొరికిన చోటు తెలిస్తేనే దానికి విలువ. ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. రాయి తియ్యం. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీస్తాం, ఫోన్లో లొకేషన్ నోట్ చేస్తాం, ఏ గెడ్డకి ఏ పక్క, ఎవరి చేను కింద అని నోటుబుక్కులో రాస్తాం, దొరికించిన పిల్ల పేరు రాస్తాం. రాయిని ఎక్కడిదక్కడే వదిలేస్తాం. నేలలో దొరికిన విలువైన వస్తువు 10 రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఒకటుంది, పాత వస్తువుల అమ్మకాల మీద 1972 చట్టం ఒకటుంది. ఎవరైనా ఊళ్ళోకి వచ్చి రాళ్ళకి, పాత విగ్రహాలకి డబ్బులిస్తాం అంటే మాత్రం ఒక్కటి కూడా ఇవ్వొద్దు. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి.

సరే, ఇదంతా బాగుంది, దీంతో కూడు వస్తుందా అంటారు. అక్కడికే వస్తున్నాం.

పోయిన ఏడాది మా ఊరి గ్రామసభ సామూహిక అటవీ హక్కుల క్లెయిము పెట్టాలని తీర్మానం చేసింది. 2006 చట్టం మనందరికీ నోటికొచ్చు, ఉపన్యాసాల్లో చెప్తాం కదా. కానీ క్లెయిముకి హద్దులు చూపించాలి. డిగ్రీలు చదివిన మేం ఎనిమిది మంది ఫోన్లు, పవర్ బ్యాంకులు, జీపీఎస్ యాప్‌లు వేసుకుని హుషారుగా బయల్దేరాం. గంటన్నరలో పరువు పోయింది. మొదటి గెడ్డ దాటాక వచ్చిన రెండో గెడ్డ పేరేంటని అడిగితే మాలో ఒక్కరికీ తెలీదు. మొక్కుబడులు పెట్టే చెట్టు ఈ గట్టు మీదా, ఆ గట్టు మీదా? తెలీదు. దుంపలు తవ్వే చోటు? "అమ్మకి తెలుసు." పాత శ్మశానం? "తాతకి తెలుసు." ఆ తాత పోయి నాలుగేళ్ళయింది.

చివరికి మమ్మల్ని నడిపించింది ఎవరో తెలుసా? ఏడో తరగతిలో బడి మానేసి పశువులు కాస్తున్న మా చిన్నాన్న. ఆయన్ని మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా తిట్టారు, చదువు ఎగ్గొట్టి విల్లు పట్టుకుని కొండమీద తిరిగాడని. ఆయన ఒక్కడే ప్రతి మలుపుకీ పేరు చెప్పాడు. ఇది ఎలుగు నీళ్ళు తాగే చోటు, ఇది మా అయ్య ఇటుకల పండక్కి మొదటి రాత్రి పడుకున్న బండ, ఇక్కడ చేపలు, ఇక్కడ అడ్డాకులు, ఇక్కడ నుంచి పక్క ఊరోళ్ళ కొండ. మేం వెనకాల ఫోన్లు పట్టుకుని గుమాస్తాల్లా రాసుకున్నాం.

చట్టం రూల్సు 13 తీసి చదవండి. సామూహిక హక్కులకి ఏమేం సాక్ష్యంగా పనికొస్తాయో రాసుంది. సంప్రదాయంగా పశువులు మేసే చోట్లు, దుంపలు, వేర్లు, అడవి పండ్లు సేకరించే చోట్లు, చేపలు పట్టే చోట్లు, మందు మొక్కలు తెచ్చుకునే చోట్లు, నీటి వనరులు. మన పెద్దలు కట్టిన కట్టడాల ఆనవాళ్ళు, పవిత్రమైన చెట్లు, వనాలు, చెరువులు, శ్మశానాలు. పెద్దల వాంగ్మూలం రాసిపెట్టినా చెల్లుతుంది. ఆ లిస్టు ఇంకోసారి చదవండి అన్నా. పీతలు పట్టటం, దుంపలు తవ్వటం, పశువుల వెంట తిరగటం, చెట్టుకింద రాయి చూసి ఆగటం. మీరు టైం వేస్టు అన్న ప్రతిదీ అందులో ఉంది. చట్టం దాన్ని సాక్ష్యం అంటోంది, మనం పనికిమాలిన తిరుగుడు అంటున్నాం.

ఇంకో ఇరవై ఏళ్ళకి మన చిన్నాన్నలు ఉండరు. ఐదేళ్ళకే ఆశ్రమ పాఠశాలకి పోయి, పదికి గురుకులం, ఇంటరుకి విశాఖ, అక్కడినుంచి హైదరాబాదు పోయిన పిల్ల సెలవుల్లో వచ్చి ఫోన్ చూసుకుని పోతుంది. అప్పుడు అధికారి వచ్చి మీ హద్దు చూపించండి అంటే ఎవరు చూపిస్తారు? పట్టా కాగితం మీద ఉంటుంది, కొండ ఎవరికీ తెలీదు. అది పోతే ఫౌండేషన్ కోర్సు తెచ్చి పెడుతుందా?

ఇప్పుడు వేట గురించి. ఇది తప్పించుకుని పోయే విషయం కాదు.

చైత్రంలో ఇటుకల పండగ మన మన్యంలో అందరికీ తెలిసిందే. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి పోవటం, ఆడవాళ్ళు దారికి అడ్డం కర్ర పెట్టి డబ్బులడగటం, ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన మగాడి మీద పేడ నీళ్ళు పొయ్యటం. చిన్నప్పుడు మాకు పండగంటే అదే, నవ్వి నవ్వి చచ్చేవాళ్ళం. కానీ ఈ గ్రూపులోనే కొందరు తమ్ముళ్ళు నాటు తుపాకీ పట్టుకుని ఫోటో పెట్టి "మా సంప్రదాయం" అని రాస్తున్నారు. తమ్ముడూ, తుపాకీ ఏ తాత నేర్పాడు? విల్లుతో పది మంది మూడు రోజులు తిరిగితే ఒక కుందేలు దొరికేదో లేదో. తలకి లైటు కట్టుకుని రాత్రిపూట తుపాకీతో కాల్చి మాంసం సంతలో అమ్మేది పండగ కాదు, వ్యాపారం. అడవిలో ఏమీ మిగలకపోతే రేపు పండక్కి మొక్కేది దేనికి?

చట్టం కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. కుందేలు, అడవిపంది కూడా షెడ్యూల్లో ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం మనకి చాలా సంప్రదాయ హక్కులు ఇచ్చింది, సెక్షన్ 3(1)(ఎల్)లో వేటని మాత్రం పేరు పెట్టి తీసేసింది. చేపల హక్కు ఉంది, అది 3(1)(డి). దీన్ని మేం ఒప్పుకుంటున్నాం. మనసు నొప్పితోనే ఒప్పుకుంటున్నాం. ఎందుకంటే ఈ అడవుల్లో పులుల్ని ఖాళీ చేసింది విల్లు పట్టిన మనిషి కాదు. దొరలు, జమీందార్లు, రాజులు ఏనుగుల మీదెక్కి, మంచెల మీద కూర్చుని కాల్చారు, చచ్చిన పులి మీద కాలు పెట్టి ఫోటో దిగారు. మంచెలు కట్టింది, డప్పులు కొట్టి జంతువుల్ని తోలింది మనవాళ్ళు. వాళ్ళది షికారు, మనది నేరం. వాళ్ళ ఫోటోలు కోటల్లో గోడల మీద ఉన్నాయి, మన ఫోటోలు స్టేషన్లో ఉంటాయి. ఇది మర్చిపోమని ఎవరూ చెప్పొద్దు. అయినా, దొర చేశాడని మనం చేస్తామా?

అందుకే మేం ఎంచుకున్న దారి ఇది. చంపటం ఆపుదాం, పోవటం ఆపొద్దు. ఇటుకలకి అడవిలోకి పోదాం. అదే దారి, అదే బండ మీద పడక, అదే పాటలు. బాణం మట్టి దిబ్బకి వేద్దాం, అలుగు వెతుకుదాం. తిరిగొచ్చాక ఎన్ని గెడ్డల పేర్లు చెప్పాడో లెక్క. చెప్పలేనోడి మీద పేడ నీళ్ళు! ఈసారి మేం అదే చేశాం. మా అవ్వలకి ఎంత నచ్చిందంటే, బాగా చెప్పినోళ్ళ మీద కూడా పోశారు.

పెద్దవాళ్ళల్లో కొందరికి ఇది నచ్చలేదు, దాచటం ఎందుకు. రక్తం లేని ఇటుకలేంటి అన్నారు. ఆడపిల్లల్ని తీసుకెళ్ళటం అసలే నచ్చలేదు, ఇటుకలకి అడవిలోకి మగాళ్ళే పోవాలి అన్నారు. పదహారు మందిలో ఏడుగురు ఆడపిల్లలు. మేం గొడవ పడలేదు, కానీ వెనక్కి తగ్గలేదు కూడా. అడవి గురించి సగానికి పైగా తెలిసింది మన అమ్మలకి. ఏ దుంప చేదు, ఎన్ని రోజులు గెడ్డనీళ్ళలో నానబెడితే విరుగుతుంది, ఏ పుట్టగొడుగు తినాలి, ఏది ముట్టకూడదు, వెదురు కొమ్ములు ఎప్పుడు తియ్యాలి, ఎన్ని వదలాలి. ఈ విషయంలో పాత కట్టుబాటు తప్పు. మేం అలాగే అనుకుంటున్నాం, తిట్టేవాళ్ళు తిట్టొచ్చు.

ఇంకో రకం జనం ఉన్నారు, వాళ్ళకి ఇదంతా తెగ నచ్చుతుంది. టూరిస్టులు. చలికాలం వస్తే మన ఘాట్ రోడ్ల మీద కార్లు బారులు. రిసార్టులో రంగుల బోర్డు పెట్టి, ప్లాస్టిక్ ఈకల బాణాలు ఇచ్చి, డబ్బులు తీసుకుని వేయిస్తారు. దాని పేరు అడ్వెంచర్. గెడ్డలో కాళ్ళు పెట్టి కూర్చుంటే నేచర్ థెరపీ. రాత్రి మంట చుట్టూ మన అక్కల చేత ధింసా ఆడిస్తారు. అదే విల్లు మా గుంటడి భుజాన ఉంటే చెక్‌పోస్టు దగ్గర ఆపి, ఎక్కడికిరా అంటారు. మాలో ఒకడికి ఆరో తరగతిలో జరిగింది చెప్తాం. ఆశ్రమ పాఠశాలకి పెట్టెలో విల్లు పెట్టుకుని పోయాడు, జానెడు విల్లు, బొమ్మలాంటిది. వార్డెన్ అందరిముందు విరిచి పొయ్యిలో పెట్టించాడు. ఇది అడివనుకున్నావా అన్నాడు. అదే బడి వార్షికోత్సవానికి వాడి చేతికే అట్టతో చేసిన విల్లిచ్చి, నెత్తిన ఈకలు పెట్టి, స్టేజి మీద నిలబెట్టారు. కలెక్టరు గారు వస్తున్నారని. వాడిప్పుడు డిగ్రీ మూడో ఏడు. ఈ పోస్టు టైపు చేస్తున్న నలుగురిలో వాడొకడు.

విల్లు పడితే బాగుపడరా? రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లా ఆదివాసీ లింబారాం చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టినవాడు. 1987లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళు సెలక్షన్లకి ఆ కొండల్లోకి వచ్చారు కాబట్టి బయటపడ్డాడు. మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. మొత్తం మూడు ఒలింపిక్స్ ఆడాడు. 1992లో ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డు సమం చేశాడు. మన రాష్ట్రంలో విజయవాడ పిల్లలు విలువిద్యలో ప్రపంచ స్థాయిలో పతకాలు తెస్తున్నారు, జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. సంతోషం, మనమ్మాయే. అక్కడ కోచింగ్ ఉంది కాబట్టి తెచ్చింది. మరి మా బడిలో ఆట వస్తువులంటే ఒక క్యారమ్ బోర్డు, అందులో స్ట్రైకర్ లేదు.

మాలావత్ పూర్ణని చూడండి. నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల, గురుకులంలో చదువుకుంది. భువనగిరి గుట్ట మీద తర్ఫీదు ఇచ్చారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్ళు నిండకుండా. గుట్ట ఎక్కటం ఆ పిల్లకి చదువు చెడగొట్టిందా?

అయినా అందరూ ఒలింపిక్స్‌కి పోరు, అది మాకూ తెలుసు. పతకం వస్తేనే మన పిల్లల ఆట ఆట అవుతుందా? గెడ్డలో పీతలు పట్టే పిల్లకి ఏ పతకమూ రాదు, పీతలు వస్తాయి. పులుసు బాగుంటుంది. ఆ మాత్రం సంతోషానికి కూడా కారణం చూపించాలా మనం? మైదానంలో పిల్లాడు గాలిపటం ఎగరేస్తే ఆ టైంలో లెక్కలు చెయ్యొచ్చు కదా అని వాడి జాతి మొత్తాన్ని ఎవరూ తిట్టరు.

చదువు గురించి మీ బాధ మాకు అర్థమవుతుంది అన్నా. నిజంగా అర్థమవుతుంది. 2020లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేశాక మన భాష వచ్చిన టీచరు మన బడికి వస్తాడన్న ధీమా కూడా పోయింది. పిల్లలు వెనకబడుతున్నారు, పోటీ గట్టిగా ఉంది. అందుకే లెక్క చెప్తున్నాం. వేసవి సెలవులు నలభై రోజుల పైన. మేం తీసుకున్నది నాలుగు రోజులు. మిగతా రోజుల్లో మా ఊరి రచ్చబండ దగ్గర పొద్దున రెండు గంటలు ఇంగ్లీషు, లెక్కలు మేమే చెప్తున్నాం, వంతులేసుకుని. ఆ ఫోటోలు కూడా పెట్టాం. వాటికి వచ్చిన లైకులు తొమ్మిది.

మీరు ఒక్కసారి రండి. మీ అబ్బాయిని కూడా తీసుకురండి, విశాఖలో చదువుతున్నాడని విన్నాం. వాడికి మీ ఊరి గెడ్డ పేరు తెలుసో లేదో మేం అడగం. మీరే అడగండి.

ఇప్పుడు పని విషయం. మా గ్రామసభ పటం ఇంకా సగమే అయింది. తూర్పు పక్క రెండు గెడ్డలు, పాత శ్మశానం, పై గట్టు మీద చెట్టు మిగిలాయి. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆరింటికి చింతచెట్టు దగ్గర నుంచి బయల్దేరుతున్నాం. ముందు నడిచేది చిన్నాన్న. పక్క పంచాయతీల వాళ్ళు కూడా రావచ్చు, మీ హద్దు మా హద్దు కలిసే చోటు ఇద్దరం నిలబడి రాసుకుంటే రేపు తగువు ఉండదు. సద్ది ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. నోటుబుక్కు, పెన్ను తప్పనిసరి, ఫోన్ ఛార్జింగు ఫుల్లు. విల్లు ఉంటే తెచ్చుకోండి, అలుగుకి గుడ్డ చుట్టండి. తుపాకీ తెచ్చినోడిని చింతచెట్టు దగ్గర నుంచే వెనక్కి పంపిస్తాం. ఆడపిల్లలున్న ఇళ్ళకి మా అక్కలు శనివారం వచ్చి మాట్లాడతారు. వాన పడితే ప్రోగ్రాం ఆగదు, వాన పడితేనే రాళ్ళు కనపడతాయి.

జై ఆదివాసీ.